కోడీ కుంపటీ సముద్రం ఒడ్డున

డిసెంబరు 8

క్వయర్ లీడరు గారికి,

అక్క రాస్తోంది. సొంత అక్క ‘గారు’ అనడం కొత్తగా ఉంటే అలవాటు చేసుకో. పదవి వచ్చాక మర్యాద కూడా రావాలి కదా.

మేం క్షేమంగా చేరాం. చేరీ చేరగానే నవ్వులపాలయ్యాను. విదేశం, పైగా క్రిస్మస్, కాబట్టి మంచు కురుస్తుందనుకుని రెండు పెట్టెల నిండా స్వెట్టర్లూ మేజోళ్లూ మంకీ టోపీలూ సర్దాను. వెళ్లేది ఎండ దేశమని మీ బావ చెబుతూనే ఉన్నారట. నాకు వినపడలేదు. విమానం తలుపు తియ్యగానే ఉడుకుతున్న అన్నం గిన్నె మూత తీసినట్టు ఆవిరి మొహాన కొట్టింది. మెడ చుట్టూ మఫ్లరుతో దిగిన ఆడమనిషిని నేనొక్కదాన్నే. అక్కడి అధికారి నా మొహం, పాస్‌పోర్టులో మొహం మార్చి మార్చి చూసి, జ్వరమా అని సైగ చేసి అడిగాడు.

మా లాడ్జి సముద్రానికి ఎదురుగా ఉంది. కింద హాల్లో ప్లాస్టిక్ క్రిస్మస్ చెట్టు పెట్టారు, దాని మీద మంచుకు బదులు దూది. చెట్టు సరిగ్గా ఫ్యాను కింద ఉంది. పొద్దస్తమానం ఆ మంచు లేచి మా టీ కప్పుల్లో పడుతుంది. లాడ్జి యజమానురాలు విసుక్కోకుండా ఏరి మళ్లీ అతికిస్తుంది. ఆవిడ ఓర్పు నాకుంటే ఇప్పుడు ఇక్కడ ఉండేదాన్ని కాదు.

నాకు కోపమేమీ లేదని ముందే చెబుతున్నాను. ఇన్నేళ్లు క్వయర్ నడిపించినదాన్ని కూర్చోబెట్టి, ఈ ఏడాది మీ చెల్లెలు నడిపిస్తుందమ్మా అని పాస్టరుగారు అంటుంటే నువ్వు నేల చూపులు చూశావు. ఆయన ఇంకేదో చెప్పబోయారు. నేను వినకుండా లేచి వచ్చేశాను. గేటు దాటాక తెలిసింది, చెప్పులు లోపలే ఉన్నాయని. వెనక్కి వెళ్తే పరువు పోతుందని ఇంటిదాకా ఒట్టి కాళ్లతో నడిచాను. దారిలో ఎదురైన వాళ్లంతా నేనేదో మొక్కు తీర్చుకుంటున్నానని పక్కకి తప్పుకున్నారు.

ఇంటికొచ్చి, ఈ క్రిస్మస్‌కి ఊళ్లో ఉండనన్నాను. మాట వరసకి అన్నాను. మీ బావ బతిమాలితే ఉండిపోదామనే నా ఉద్దేశం. పెళ్లయినప్పట్నుంచీ సముద్రం, సముద్రం అని కలవరించే మనిషి, నేను కాళ్లు కడుక్కుని వచ్చేలోపే టిక్కెట్లు కొనేశారు.

నీకు ఫోన్ చేస్తే ఎత్తడం లేదు. మొహం చెల్లడం లేదేమో, పోనీలే. ఒక్క మాట. రెండో పాట మరీ పై శ్రుతిలో ఎత్తుకోకండి, చరణం దగ్గరికొచ్చేసరికి అందరూ పిల్లి కూతలు కూస్తారు. ఇది సలహా కాదు. సలహాలిచ్చే హోదాలో నేను లేను.

అంతులేని సంతోషంతో,
అక్క

డిసెంబరు 10

అక్కా,

నీ మెయిల్ చదివాను. ఫోన్ చెయ్యకు. ఇలా రాసుకుందాం, బాగుంది. చిన్నప్పుడు నువ్వు హాస్టల్లో ఉన్నప్పుడు రాసేదానివి చూడు, ‘నా పెన్సిలు ముట్టుకుంటే చేతులు విరిచేస్తాను’ అని, అలా ఉంది.

నీ చెప్పులు పాస్టరమ్మగారు దాచారు. చర్చి బీరువాలో, పాటల పుస్తకాల పక్కన. తీసుకెళ్లమంటే నేనే ఉండనియ్యమన్నాను. వచ్చి నువ్వే తీసుకో.

నాకు క్వయర్ నడిపే సంగతి ఏమీ తెలియదు. నువ్వు చేసేవన్నీ చూసినవే, నేను చేస్తే ఒక్కటీ అలా రావడం లేదు. పాట చివర అందరూ ఒకేసారి ఎలా ఆగేవాళ్లు? ఇప్పుడు ఒకరి తర్వాత ఒకరు ఆగుతున్నారు, బస్సు దిగుతున్నట్టు. నేను పాడటం లేదులే, ఊరికే చేతులు ఊపడమే. అందుకే కుదిరింది నాకు ఈ పని.

నన్ను అనౌన్స్‌మెంట్ గదిలోంచి పార్సిల్ ఆఫీసుకి మార్చారు. హాయిగా ఉంది. మూటలు మాట్లాడవు, మాట్లాడించవు. బస్‌స్టేషన్ మైకులో ఇప్పుడు ఎవరో కొత్తమ్మాయి, అన్ని బస్సులకీ ఒకే రాగం.

జనవరి మొదటి వారానికి వచ్చేస్తారు కదా. తప్పకుండా రా. నాకొక పనుంది నీతో. బావగారిని ఎండలో తిరగొద్దని చెప్పు.

చెల్లి

డిసెంబరు 12

చెల్లీ,

ఊరికే చేతులు ఊపడమేనా? ఇన్నేళ్లుగా నేను చేసింది అదేనన్నమాట. ఈగలు తోలానన్నమాట. మంచిది. ఒకేసారి ఎలా ఆగుతారని అడిగావు. ఈగలు వెళ్లిపోయాక ఆగుతారు.

పార్సిల్ ఆఫీసుకి మారినందుకు అభినందనలు. ఒకే నెలలో రెండు ప్రమోషన్లు. నీ ‘పనుంది’ కూడా అర్థమయ్యేట్టే ఉందిలే.

ఇక్కడి సంగతులు చెబుతాను. లాడ్జి వెనక సందులో చిన్న చర్చి ఉంది. వాళ్ల క్వయర్‌కి ఒక పళ్ల డాక్టరు లీడరు. సాధన ఆయన క్లినిక్కులోనే. సాయంత్రం రోగులు వెళ్లిపోయాక అదే వరండాలో, అవే కుర్చీల్లో క్వయర్ కూర్చుంటుంది. గోడ నిండా పుచ్చిపళ్ల బొమ్మలు. మందు వాసనకి నాకు పాట కంటే ముందు చెమట పట్టింది.

నేనెవరినో చెప్పకుండా వెళ్లాను. సామాన్యురాలిలా వెనక కూర్చుని, వాళ్లు తప్పు పాడగానే లేచి సరిచేసి, అందరూ ఆశ్చర్యపోతే వినయంగా నవ్వాలని నా ఊహ. నవ్వు కూడా లాడ్జి అద్దంలో సాధన చేసి వెళ్లాను. వాళ్లు తప్పు పాడలేదు. ఆ డాక్టరు కొత్తగా వచ్చిన వాళ్లని ఒక్కొక్కరినీ పాడించి, పాడుతుంటే దగ్గరికొచ్చి నోట్లోకి చూస్తాడు. వృత్తి అలవాటు. నేను పై స్వరం అందుకోగానే ఆయన తొంగి చూశాడు, నేను గుటుక్కున నోరు మూసేశాను. మళ్లీ తెరవమన్నాడు. మళ్లీ మూశాను. చివరికి నన్ను ఆఖరి వరసలో ఫ్యాను పక్కన నిలబెట్టి, అరచెయ్యి నేల వైపు దించి చూపించాడు. మెల్లగా, అని. నేను. మెల్లగా.

భాష తెలియనట్టు నటించి గట్టిగానే పాడాను. ఆయన ఫ్యాను వేగం పెంచాడు.

అసలు వినాల్సింది ఇది. నాకు తోడుగా వచ్చి మూల స్టూలు మీద కూర్చున్న మీ బావ, తనకి తెలియకుండానే కూనిరాగం తీశారు. డాక్టరు చెవులు రిక్కించాడు. మీ బావని లేపి పాడించి, నోట్లోకి చూసి, భుజం తట్టి మొదటి వరసలో నిలబెట్టాడు. పెళ్లైన మొదటి క్రిస్మస్‌కి, మీరు పెదాలు కదిపితే చాలు అని నేను చెప్పిన మనిషి. అప్పట్నుంచీ పెదాలు మాత్రమే కదిపిన మనిషి. మొదటి వరసలో, పూల చొక్కా వేసుకుని.

నా ముక్కు ఎండకి పొట్టు ఊడుతోంది. మిగతా అంతా దివ్యంగా ఉంది.

అక్క

డిసెంబరు 15

అక్కా,

నిన్న నీ ఉత్తరం చదివి ఎంత నవ్వానో. శబ్దం లేకుండా భుజాలు ఎగరేస్తూ నవ్వుతుంటే మీ మరిది నేను ఏడుస్తున్నాననుకుని మంచినీళ్లు తెచ్చిచ్చారు. తర్వాత ఆయనకీ చదవమని ఇచ్చాను. బావగారు మొదటి వరసలో అన్న దగ్గర ఆయన లేచి నిలబడి మళ్లీ చదివారు.

చేతులు ఊపడమని నేనన్నది నిన్ను కాదు, నన్ను. నువ్వు చేతులు ఊపితే పాట వస్తుంది, నేను ఊపితే రిక్షా ఆగుతుంది. అలా అర్థం చేసుకుంటావని తెలిస్తే రాసేదాన్ని కాదు.

ఇక్కడ కాస్త దారిలో పడ్డాం. ఆదివారం సాధనలో అందరూ ఒకేసారి ఆగారు. ఎలాగంటే, నాకేం చెయ్యాలో తెలియక చెయ్యి గాలిలో అలాగే ఉంచేశాను. ఏమైందోనని అందరూ నన్నే చూశారు. చూస్తూ చూస్తూ ఆగిపోయారు. అయ్యాక వెనక వరసలో వాళ్లు ‘అమ్మయ్య, ఊపిరి పీల్చుకున్నాం’ అన్నారు. అందరూ నెమ్మదిగా పాడుతున్నారు ఈసారి. నన్ను చూసి జాలేమో.

పాస్టరమ్మగారు రోజూ గిన్నెడు వేడి సూపు పంపిస్తున్నారు. ఊళ్లో అందరికీ ఉన్నట్టుండి నా మీద ప్రేమ పుట్టుకొచ్చింది.

జనవరి మొదటి వారం మర్చిపోకు అక్కా. నువ్వుంటే నాకు ధైర్యం.

చెల్లి

డిసెంబరు 18

చెల్లీ,

ఊపిరి పీల్చుకున్నారా. సంతోషం. నా హయాంలో వాళ్లు ఊపిరి బిగబట్టి బతికారని ఇన్నాళ్లకి తెలిసింది.

పొద్దున ఇసకలో కూర్చుని ఆలోచించాను. అమ్మ చెప్పేది గుర్తుందా, తన కోడి కూయకపోతే ఊరికి తెల్లవారదని, తన కుంపటి లేకపోతే ఊళ్లో పొయ్యి వెలగదని అలిగి, కోడినీ కుంపటినీ చంకన పెట్టుకుని ఊరి బయటికి పోయి కూర్చున్న ముసలమ్మ కథ. చిన్నప్పుడు ఆ ముసలమ్మని చూసి పడీ పడీ నవ్వేదాన్ని. ఇప్పుడు నాకు వివరాలు తెలిశాయి. కోడి బరువుంటుంది. కుంపటి ఒళ్లు కాలుస్తుంది. ఊరు దర్జాగా తెల్లవారుతుంది. పైగా ఆ ముసలమ్మ ఊరి పొలిమేరతో సరిపెట్టుకుంది, నేను విమానమెక్కి వచ్చాను.

ఇక నీ జనవరి సంగతి. ‘పనుంది’, ‘తప్పకుండా రా’, ‘నువ్వుంటే ధైర్యం’. ఊళ్లో అందరూ నీ వెంట తిరగడం, సూపులు. నేను పాటల టీచరునే గానీ లెక్కలు రాని దాన్ని కాదు. నాకు సన్మానం పెట్టారు. వేదిక మీద కుర్చీ వేసి, శాలువా కప్పి, ఇక నువ్వు విశ్రాంతి తీసుకోమ్మా అని చప్పట్లతో సాగనంపుతారు. నువ్వు నా గురించి నాలుగు ముక్కలు మాట్లాడతావు, దానికే ధైర్యం కావాలి. నాకా శాలువా వద్దు. ఇక్కడి ఎండలో అసలే వద్దు.

అందుకే టిక్కెట్లు మార్పించాను. జనవరి ఆఖరున వస్తాం. మీ బావ ఎందుకని కూడా అడగలేదు, సముద్రంలోకి నడుచుకుంటూ వెళ్లారు. ఆనందంతోనే, భయపడకు. మోకాలి లోతు దాకా వెళ్లి తిరిగొచ్చారు.

పళ్ల డాక్టరు నిన్న నన్ను ఫ్యాను పక్కనుంచి మార్చి ఒక బోసినోటి ముసలావిడ పక్కన నిలబెట్టాడు. తన చెవి చూపించి, తర్వాత ఆవిడని చూపించాడు. పాడుతూ పక్కవాళ్లని వినమని. విన్నాను. ఆవిడ బాగా పాడుతోంది. ఇన్నేళ్లు పాడించిన మనిషిని, పక్కమనిషి పాట ఎప్పుడు విన్నానో గుర్తు రాలేదు. ఎదుటి వాళ్లలో తప్పులు వినడమే తెలుసు నాకు.

ఇది మీ సభలో చదవకు.

అక్క

డిసెంబరు 20

అక్కా,

సన్మానం కాదు. ఎవరూ శాలువా కొనలేదు.

టిక్కెట్లు మార్పించేశావు కాబట్టి ఇక చెప్పేదేం లేదు. బావగారికి సముద్రం దొరికింది, ఉండనీ. జనవరి ఆఖరుకే రండి. పని ఈలోపు నేనే చూసుకుంటాను, మీ మరిది ఉన్నారు.

ముసలావిడ పక్కన నిలబడి పాడటం బాగుంది. నేను నీ పక్కన నిలబడి అంతకాలం పాడాను కదా.

చెల్లి

డిసెంబరు 22

చెల్లీ,

ఈ ఉత్తరం నాలుగు సార్లు మొదలుపెట్టి చెరిపేశాను. మీ బావ పక్కన కూర్చున్నారు. అబద్ధం రాయనివ్వడం లేదు.

నిన్న పొద్దున నీ చివరి ఉత్తరం ఆయనకి చదివి వినిపించాను. చదివి, చూశారా, సన్మానం సంగతి నేను పట్టేసేసరికి అలిగింది అన్నాను. మామూలుగా ఆయన నా మాటకి తలూపి సముద్రం వైపు తిరుగుతారు. నిన్న తిరగలేదు. మిగతా ఉత్తరాలు కూడా తియ్యమన్నారు. అన్నీ మొదట్నుంచి మెల్లగా చదివారు. తర్వాత అన్నారు: “బస్‌స్టేషన్ అంతా వినే గొంతుని తీసుకెళ్లి మూటల మధ్య ఎందుకు కూర్చోబెట్టారంటావు?”

ప్రమోషన్ అన్నాను, అంటూ ఉండగానే నా మాట నాకే వెర్రిగా వినపడింది. ఫోన్ వద్దనడం. పాడటం లేదనడం. శబ్దం లేని నవ్వు. సూపు. అన్నీ నువ్వు రాశావు, అన్నీ నేను చదివాను. పాటల టీచరుని, సొంత చెల్లెలి గొంతు పోయిందని చదివి కూడా తెలుసుకోలేకపోయాను. ప్రతి అక్షరంలో నన్ను నేనే వెతుక్కున్నాను.

మరిదికి ఫోన్ చేశాను. ముందు ఏమీ లేదన్నాడు. నేను ఏడవడం మొదలుపెట్టేసరికి, నీకు మాట ఇచ్చానని చెబుతూనే అంతా చెప్పేశాడు. అతన్ని తిట్టకు. గొంతులో గడ్డ పెరిగి స్వరం వచ్చే నరాన్ని నొక్కుతోందని, జనవరి అయిదున ఆపరేషనని, గడ్డ తీస్తేనే గానీ అది ఎలాంటిదో తెలియదని, తీశాక కూడా గొంతు వస్తుందో రాదో డాక్టరు చెప్పలేకపోతున్నాడని. ఇదంతా ఇప్పుడు క్వయర్‌లో అందరికీ తెలుసట. పాడలేకపోయినా ఈ క్రిస్మస్‌కి క్వయర్‌లో ఉండాలని నువ్వు అడిగావట. గొంతు లేని మనిషికి క్వయర్‌లో ఉన్నది ఒకే ఒక్క చోటు, అది నేను నిలబడేది. నువ్వు వద్దన్నా ఆ రోజు పాస్టరుగారు చెప్పబోయింది అదేనట. నేను మాత్రం ఒట్టి కాళ్లతో ఊరేగడానికి వెళ్లిపోయాను.

నిన్న మధ్యాహ్నమంతా విమానం వాళ్ల ఆఫీసులో కూర్చున్నాం. పండగ రద్దీకి క్రిస్మస్ ముందు ఒక్క సీటూ లేదు. నేను అక్కడున్న అమ్మాయికి మన కథంతా చెప్పాను, తెలుగులో. ఆ పిల్లకి ఒక్క ముక్క అర్థం కాలేదు గానీ నాతో పాటు కళ్లు తుడుచుకుని ఇరవయ్యెనిమిదో తారీకుకి రెండు సీట్లు వెతికి పెట్టింది. వచ్చేస్తున్నాం.

నన్ను తిట్టు. గట్టిగా తిట్టలేవు కాబట్టి పెద్ద అక్షరాలతో రాయి.

అక్క

డిసెంబరు 24

అక్కా,

మీ మరిదిని తిట్టలేదు. ఆయనకి మూడు రాత్రులుగా నిద్ర పడుతోంది. రహస్యం దాచడం ఆయనకి చేతకాదు, ఇన్నాళ్లూ నిద్ర లేక మొహం వాచిపోయింది పాపం.

ఎందుకు చెప్పలేదంటే, చెబితే నువ్వు ఏం చేస్తావో తెలుసు కాబట్టి. నన్ను పట్టుకుని ఏడ్చి, ఆ చోటు నాకు ఇచ్చేసి, నా వెనక నిలబడి, నా చేతులు పట్టుకుని నువ్వే ఊపేదానివి. నిజం చెప్పు, ఊపేదానివి కదా. నాకు జాలితో ఇచ్చింది వద్దనిపించింది. అలిగిన అక్క అయినా సరే, నన్ను పోటీ అనుకుంటే చాలనిపించింది. నువ్వు అలిగి ఇంట్లో తలుపేసుకుంటావనుకున్నాను, దేశం దాటతావనుకోలేదు. నీ కోపం చల్లారాక వచ్చి బతిమాలదామని చూస్తే తాళం ఉంది.

ఇంకొకటి కూడా చెప్పాలి. మనిద్దరం ఎప్పుడూ ఒకే వైపు నిలబడి పాడాం, లేదంటే నువ్వు ఎదురుగా నిలబడి పాడించావు. నువ్వు పాడుతుంటే ఎదురుగా నిలబడి నేనెప్పుడూ చూడలేదు. ఒక్కసారి అలా చూడాలనుకున్నాను. తర్వాత నా గొంతు ఏమైనా కానీ. మొదటి సాధన రోజున, పాడేవాళ్ల వరసలో నువ్వు నిలబడాల్సిన చోటు ఖాళీగా ఉంటే, ఆ ఖాళీ వైపే చేతులు ఊపాను.

నిన్ను ఏడిపించడానికి రాయడం లేదు. నువ్వు ఏడిస్తే ముక్కు ఇంకా పొట్టు ఊడుతుంది.

రాత్రికి ఆరాధన. నాకు గుండె దడదడలాడుతోంది. నీకెప్పుడూ అలా ఉండేదా? ఎప్పుడూ చెప్పలేదు.

చెల్లి

డిసెంబరు 26

చెల్లీ,

ఉండేది. ప్రతి ఏడాదీ ఉండేది. అందుకే అందరి మీదా కేకలేసేదాన్ని, నా గుండె చప్పుడు ఎవరికీ వినపడకూడదని.

నిన్న ఇక్కడ క్రిస్మస్ జరిగింది. సముద్రపు గాలికి తలుపులు కొట్టుకుంటాయని చర్చి తలుపులకి కొబ్బరికాయలు అడ్డం పెట్టారు. కొందరు స్నానం చేసి నేరుగా వచ్చారు, తడి జుట్టుతో, కాళ్ల నిండా ఇసకతో. ప్రసంగం చేసే ఆయన నుదుటి చెమట పుస్తకం మీద పడుతుంటే పేజీ తిప్పడానికి అవస్థ పడ్డాడు. మీ బావ మొదటి వరసలో ఒక చరణం ఒంటరిగా పాడారు. ఏ భాషో ఆయనకి తెలియదు, అక్షరాలు తెలుగులో రాసుకుని పాడారు. ఆయన గొంతు అంత బాగుంటుందని నాకు తెలియదు. తెలుసుకోకుండా నేనే నొక్కి పెట్టానంటే సరిగ్గా ఉంటుంది. వచ్చే ఏడాది ఆయన మన క్వయర్‌లో ఉంటారు. ఇది సలహా కాదు, విన్నపం.

నేను ఆఖరి వరసలో బోసినోటి ముసలావిడ పక్కన. మెల్లగానే పాడాను. రెండో పాట మధ్యలో, ఇదే పాట అక్కడ నువ్వు నిలబడి నడిపించి ఉంటావని గుర్తొచ్చి నోరు తెరుచుకుని అలాగే ఏడ్చేశాను. పాట అవగానే పళ్ల డాక్టరు పరిగెత్తుకొచ్చి, ఏ పన్ను అని సైగ చేశాడు. కాదని గొంతు చూపించాను. టార్చి తీసి గొంతులోకి చూశాడు. అందరి ముందూ. ఏమీ లేదని చెయ్యి ఊపాడు. నాది కాదు, మా చెల్లెలిదని ఎలా చెప్పాలో తెలియలేదు. ముసలావిడ మాత్రం నా చెయ్యి పట్టుకుని చివరిదాకా వదల్లేదు.

స్వెట్టర్లన్నీ లాడ్జిలోనే వదిలేస్తున్నాను. యజమానురాలు వాటిని చెట్టు కింద పరిచి, ఎగిరే దూది వాటి మీద పడేట్టు చేసింది. కనీసం మంచు పడటానికైనా పనికొచ్చాయి.

మొన్న రాత్రి నువ్వెలా చేశావో రాయి. దాచకుండా రాయి. బాగా చేశావంటే కుళ్లుకోను. కొంచెం కుళ్లుకుంటాను, కానీ వినాలని ఉంది.

అక్క

డిసెంబరు 27

అక్కా,

మొదటి పాటలో చేతులు వణికాయి. అందరూ అది కొత్త పద్ధతేమో అనుకుని గొంతులు కూడా వణికించారు. మూడో పాట మధ్యలో కరెంటు పోయింది. నా చేతులు ఎవరికీ కనపడవు. అయిపోయింది అనుకున్నాను. వాళ్లు ఆపలేదు. చీకట్లో ఒకరినొకరు వింటూ పాడారు. చివర, నేను చెయ్యి ఎత్తిపెట్టానని ఎలా తెలిసిందో, అందరూ ఒకేసారి ఆగారు. ఆ తర్వాత కొంతసేపు చర్చిలో ఏ చప్పుడూ లేదు. ఆ నిశ్శబ్దం మటుకు నాదే అక్కా. నా చేతుల్తో చేసింది.

కుళ్లుకున్నావా?

త్వరగా రా. అయిదో తారీకంటే భయంగానే ఉంది.

చెల్లి

జనవరి 7
(ఆసుపత్రి గది, మధ్యాహ్నం)

అక్కా,

నాలుగు అడుగుల దూరంలో కుర్చీలో కూర్చున్న మనిషికి ఉత్తరం రాయడం ఇదే మొదలు. డాక్టరు మాట్లాడొద్దన్నాడు కాబట్టి నర్సు రాసుకోవడానికి ఈ అట్టా పెన్నూ ఇచ్చింది. నా మాట ఎవరూ వినకుండా చేసింది గడ్డ కాదు, నువ్వు. వచ్చినప్పట్నుంచీ నీ వాటా, నా వాటా కలిపి నువ్వే మాట్లాడుతున్నావు.

నర్సుకి దుప్పటి మడవడం నేర్పావు. పక్క మంచం ఆవిడకి మీ పళ్ల డాక్టరు కథ రెండుసార్లు చెప్పావు, రెండోసారి ఆయన ఇంకా పొడుగయ్యాడు. మీ మరిది టీ తేవడానికని వెళ్లి కిందే కూర్చుండిపోయారు. బావగారు కిటికీ దగ్గర కూనిరాగం తీస్తుంటే మాత్రం నువ్వు ఆపలేదు. చూశాను.

పొద్దున డాక్టరు చెప్పింది నువ్వు సగమే విన్నావు, మధ్యలోనే ఏడ్చేశావు కాబట్టి. మొత్తం రాస్తున్నాను. గడ్డ చెడ్డది కాదట. నరం తెగలేదట, కానీ బాగా నలిగిందట. గొంతు రావచ్చు, రావడానికి నెలలు పట్టవచ్చు, వచ్చినా పాతదిలా ఉండకపోవచ్చు. అంతే. అంతకంటే ఆయనకీ తెలియదు. అడిగి విసిగించకు.

నాకు భయం లేదని కాదు. రాత్రి, బస్సు పేర్లు మనసులోనే వరసగా చదువుకున్నాను, గొంతు వస్తే ఎలా పలకాలో మర్చిపోకుండా. మర్చిపోలేదు.

ఇప్పుడు ఆ తువ్వాలు సర్దడం ఆపు. అది పొద్దున్నుంచీ సర్దే ఉంది. కుర్చీ ఇటు, నాకు ఎదురుగా తిప్పుకో. ఇంకాస్త. మొహం కనపడాలి.

ఒక పాట పాడు. ఏదైనా సరే. మెల్లగా, పక్క మంచం ఆవిడ ఇప్పుడే నిద్రపోయింది. నేను చెయ్యి ఎత్తాక మొదలుపెట్టు. దించేదాకా ఆపకు.

పెన్ను కింద పెడుతున్నాను.

చెల్లి